అక్క వయసు దాటిన రోజు

శుక్రవారం, రాత్రి

ఈ రోజు సూళగిరి స్కూల్లో ఎనిమిదో తరగతికి ‘ఎల్డర్’, ‘ఓల్డర్’ మధ్య తేడా చెప్పాను. ఓల్డర్ మనిషికైనా, ఇంటికైనా, చెట్టుకైనా వాడొచ్చు. వెనక ‘దాన్’ చేర్చి ఒకరిని ఇంకొకరితో పోల్చొచ్చు. ఎల్డర్ అలా కాదు. ఇంట్లోవాళ్ళకే వాడతాం, అదీ వరసకు ముందు: ఎల్డర్ సిస్టర్, ఎల్డర్ బ్రదర్. దాని పక్కన ‘దాన్’ రాదు.

ముందు బెంచీలో రూప లేచి, “అట్లయితే ఎల్డర్ సిస్టర్ ఎప్పుడూ మనకంటే ఓల్డరే కదా టీచర్?” అంది.

అవునన్నాను. పచ్చి అబద్ధం. అక్క ముప్పై నిండకుండానే పోయింది. నాకు ఇవాళ ముప్పై నిండాయి.

సాయంత్రం అమ్మ సంగటి చేసింది. మా ఇంట్లో తొలి ముద్ద పెద్దబిడ్డది. అక్క పోయాక కూడా అమ్మ దాన్ని ఆమె ఫోటో ముందు పెట్టి, తర్వాతే నాకు వడ్డిస్తుంది. ఇవాళ మాత్రం తొలి ముద్ద నా కంచంలో పెట్టింది.

“ఏమ్మా, మరిచిపోయినావా?”

“మరువలేదమ్మా. అక్క వయసు నువ్వు దాటిపోయినావు. ఇంగ ఈ ఇంటికి పెద్దబిడ్డవి నువ్వే.”

ఎన్నాళ్ళ నుంచి లెక్క పెట్టుకుంటోందో! నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ముద్ద తీసి ఫోటో ముందు పెట్టాను.

“నాకు ఏండ్లు ఎక్కువైతే కానీలేమ్మా. అక్క యాడున్నా అక్కే.”

అమ్మ రెండో ముద్ద నాకు పెట్టి, కొంగుతో ఫోటో తుడిచింది. అప్పుడు చూశాను, అక్క ఎంత చిన్నపిల్లో.