పైడితల్లమ్మోరి పటం ఎనక గోడ

బావా,

నీ బెంగ, నా బెంగ రెండూ తీరిపోనాయి. నెల్లిమర్ల ఇల్లు కొనేస్తన్నాం.

నువ్వు పంపిన ఇంజినీరు డేవిడ్‌రాజు గారు స్లాబు, కరెంటు తీగలు అన్నీ సూసి బాగున్నాయన్నారు. కానీ హాల్లో గోడంతా కొత్త రంగు, మధ్యలో పెద్ద పైడితల్లమ్మోరి పటం. దానెనకాల సెమ్మ దాసేరని నాకు ఒకటే అనుమానం. ఒకరింట్లో అమ్మోరి పటం తియ్యమని ఎలాగడుగుతాం?

డేవిడ్‌రాజు గారు సెప్పులిడిసి, ఇల్లుగలావిడ కమలాదేవి గారిని నెమ్మదిగా అడిగేరు. ఆవిడే దణ్ణమెట్టి పటం దించేరు.

ఎనకాల పాత నీలం రంగు! అమ్మోరిని కదపడం ఇష్టం లేక పటం సుట్టూతే రంగేయించేరంట. ఆయన ఆ నీలమ్మీద సెయ్యేసి, "సెమ్ముంటే ఈ పాత రంగు ఎప్పుడో పెచ్చులూడిపోయేది. గోడ గట్టిదే, తీసుకోండి" అన్నారు.

మీ సెల్లి ఇల్లంతా ఆకుపచ్చ రంగెయ్యాలంటన్నాది. ఎయ్యనీ. ఆ నీలం ముక్క మీద మాత్రం బ్రష్షు పడనివ్వను.

నీ బావ