ఇటుకలు దించిన తరువాత

పార్సిప్పనీ,
ఆదివారం.

పూజ్యురాలైన ఆండాళ్ అక్కయ్యకు, తమ్ముడు మోహన్ నమస్కరించి వ్రాయునది.

ముందు ఫలితం చెప్పమంటావని తెలుసు. కాని వరుస తప్పితే నాకు చేయి సాగదు. కనుక మొదట జరిగినవి:

1. గురువారం లూథరన్ చర్చి కమిటీవారు నేను కట్టిన ఆర్గన్‌ను మొదటిసారి విన్నారు.

2. ముందు బెంచీలవారికి బాగుంది. వెనుక బెంచీలవారికి పక్క గదిలో ఎవరో ఈల వేస్తున్నట్లుంది.

3. కమిటీ అధ్యక్షుడు గ్రెగ్ లేచి, "ఆదివారం ప్రార్థనలోనూ ఇంతే అయితే విప్పి తీసుకువెళ్ళండి. మేము ఎలక్ట్రానిక్‌ది పెట్టుకుంటాం" అన్నాడు.

4. నేను "సరే" అన్నాను.

ఇంట్లో ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాము. అనిక డ్రైవింగ్ టెస్ట్ పాసై, ఇప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని బ్రేకు వేయడం గురించి నాకే పాఠాలు చెబుతున్నది. అల్ఫారెట్టాలో మీరూ కులాసా అనే నమ్ముతున్నాను. బావగారి దగ్గు కూడా తగ్గే ఉంటుంది.

ఇక నీ లేఖలోని ప్రశ్నలు. నా నడుము ఫరవాలేదు. మీ పక్కింటి నాగమల్లేశ్వరిగారు, "మీ తమ్ముడు చేసేది పెద్ద హార్మోనియమా?" అని అడిగారన్నావు. నవ్వకు, ఆవిడ మాట చాలావరకు నిజమే. తిత్తి గాలి నింపుతుంది; మెట్టు నొక్కితే ఆ గాలి ఒక గొట్టంలోకి వెళ్ళి పలుకుతుంది. కాకపోతే నా గొట్టాలు తగరమూ సీసమూ కలిపి పోత పోసినవి, వాటిలో పెద్దది మనిషిన్నర ఎత్తు. మూడు వందల ఏళ్ళ కిందటి జర్మనీ పద్ధతి అది. ఏ జర్మనీ ఆర్గన్‌ను నమూనాగా పెట్టుకున్నానని కూడా అడిగావు. దానికి జవాబు కాస్త ఆగి చెబుతాను.

తప్పు ఎక్కడ జరిగిందంటే, గొట్టాల నాదాన్ని నేను నా షెడ్డులో దిద్దాను. ఒకప్పుడు గడ్డి దాచిన చెక్క కొట్టం అది. ఎత్తైన కప్పు, వట్టి నేల, దగ్గినా మోగుతుంది. చర్చిలో గోడ నుంచి గోడ దాకా కార్పెట్, ప్రతి బెంచీ మీదా మెత్తలు. మెత్తటివన్నీ ధ్వనిని తాగేస్తాయి. పిల్ల పాడబోయే చోట కాక, పుట్టిన ఇంట్లో పాట విని మురిసిపోయాను.

"వాల్యూమ్ పెంచలేరా?" అని అడిగాడు గ్రెగ్. పెంచవచ్చు. తిత్తి మీద బరువు పెడితే గాలి ఒత్తిడి పెరుగుతుంది. శుక్రవారం ఉదయం ఇటుకలు పేర్చాను. వసుమతి ఆఫీస్‌కి లీవ్ పెట్టి వచ్చి మెట్లు నొక్కింది.

"ఏవండీ, లౌడ్‌గానే ఉంది. కానీ ఎవర్నో తిడుతున్నట్టుంది."

"ఎవరిని?"

"వెనక బెంచీ వాళ్ళని. పాపం, వాళ్ళేం చేశారు?"

చర్చిలో ఆర్గన్ వాయించే లిండ్‌క్విస్ట్‌గారికి ఎనభై దాటాయి. ఆవిడ చెవిలోని మిషన్ తీసి పర్సులో వేసుకొని, "క్రిష్, ఇలాగే ఉంచితే నేను ఈరోజే రిటైర్ అవుతాను" అన్నారు. చర్చివారికి నేను క్రిష్‌నే. ఇటుకలు దించాను.

మిగిలిన దారి ఒక్కటే. ప్రతి గొట్టానికీ కింది భాగంలో ఒక నోరు, దానికి పైపెదవి ఉంటాయి. ఆ పెదవిని వెంట్రుకవాసి పైకి కోసి, గాలి వచ్చే రంధ్రాన్ని కొద్దిగా వెడల్పు చేస్తే నాదం నిండుతుంది. ఎక్కువ కోస్తే గొట్టం మొద్దుబారుతుంది. కోసినది మళ్ళీ అతకదు. కొత్తవి పోత పోయడానికి ఆదివారంలోగా వ్యవధి లేదు.

నాకు ఈ విద్య నేర్పినవారెవరూ లేరని నీకు తెలుసు. మూతపడిన చర్చిలలో పాత ఆర్గన్లు విప్పుతూ, కొలుస్తూ, పట్టికలు వేసుకుంటూ నేర్చుకున్నాను. ఆ పట్టికలలో ఈ కార్పెట్ లేదు. వాటిని కారులో పెట్టి తాళం వేసి వచ్చాను.

ఆపైన రెండు రోజులూ ఒకటే పని. పెదవి కోయడం, గొట్టాన్ని నిలబెట్టడం, చిట్టచివరి బెంచీకి వెళ్ళి కూర్చోవడం, వినడం, తిరిగి రావడం. వసుమతి మెట్టు మీద వేలు తీయకుండా కూర్చుంది.

"ఇంకా కొయ్యాలా?"

"ఇంకొక్క పిసరు."

"మీ పిసర్ల సంగతి నాకు తెలుసు. వంటింటి షెల్ఫ్ అలాగే పొట్టిదైపోయింది. ఆపండి, ఇది వచ్చేసింది."

ఆపాను. నిజంగానే వచ్చేసింది.

ఏది వచ్చిందో ఇప్పుడు చెబుతాను. ఇంతవరకు వసుమతికి కూడా చెప్పలేదు. అది ఏ జర్మనీ ఆర్గనూ కాదక్కయ్యా. నీవు గడపలో నిలబడి "మోహనా, అన్నం!" అంటే మూడో వీధిలో మా క్రికెట్ ఆట ఆగిపోయేది. అరిచినట్లు ఉండేది కాదు. పక్కన నిలబడి పిలిచినట్లే ఉండేది. ఆడపిల్లకు అంత గొంతేమిటని పెద్దవాళ్ళు కసిరీ కసిరీ నిన్ను సగం గొంతుకు దించారు. ఇప్పుడు ఫోన్‌లో కూడా ఆ సగమే వినిపిస్తుంది. ఆ పూర్తి గొంతు నాకు గుర్తుంది. చివరి బెంచీలో కూర్చొని నేను వెతికింది దానినే.

ఈ ఉదయం ప్రార్థనకు చర్చి నిండింది. మొదటి పాటకు లిండ్‌క్విస్ట్‌గారు చేతులు ఆనించగానే నేను గ్రెగ్ వంక కాక వెనుక బెంచీ వంక చూశాను. ఎప్పుడూ పెదవులు మాత్రం కదిపే ఒక పెద్దాయన రెండో చరణానికి పుస్తకం మూసి, గొంతెత్తి పాడాడు. ఆయన పక్కవాళ్ళు ఆయన వంక చూసి, తామూ అందుకున్నారు. నాలుగో చరణానికి నేనూ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాను.

తరువాత గ్రెగ్ వచ్చి, "ఏం కలిపారు?" అన్నాడు.

"ఏమీ కలపలేదు. కోశాను."

కాఫీ హాలులోనే ఓటు పెట్టారు. ఎత్తని చేయి లేదు. గ్రెగ్ రెండు చేతులూ ఎత్తాడు. ఆ ఊపులో ఎవరో, "ఇంత బాగుంటే కార్పెట్ కూడా తీసేద్దాం, ఇంకా బాగుంటుంది!" అన్నారు. దానిని ముట్టుకోవద్దని చేతులు జోడించి వేడుకున్నాను. వసుమతి నవ్వాపుకోలేక కాఫీ ఒలకబోసింది.

అక్కయ్యా, మన ఆర్గన్ నిలిచింది. ఆమోదం వచ్చేవరకు దాని మీద నా పేరు ఉండరాదని నియమం పెట్టుకున్నాను. ఇప్పుడే లోపలికి దూరి, గాలిపెట్టె పలక మీద పెన్సిలుతో పూర్తి పేరు వ్రాసి వచ్చాను. ఇకముందు ఎవరు మరమ్మతుకు విప్పినా అది కనబడుతుంది.

డిసెంబరులో టికెట్ బుక్ చేయి. చర్చి ఖాళీగా ఉన్నప్పుడు తీసుకువెళతాను. నేను ఆర్గన్ దగ్గర నిలబడతాను. నీవు చివరి బెంచీ నుంచి నన్నొకసారి పిలువు. అక్కడ కసిరేవారెవరూ లేరు.

ఇట్లు,
నీ తమ్ముడు,
మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకు,
కిడాంబి వేంకట కృష్ణమోహన్