నా సొరుగులో నీ రిపోర్టు

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ, మరదలూ, పాపా క్షేమమని తలుస్తానని రాయబోయి ఆగాను. ఆర్నెల్లుగా ఆ మాట నిజం కాదని తెలిసీ రాస్తున్నాను. "ఉత్తరమెందుకు, ఫోను చెయ్యరాదూ?" అన్నారు మీ బావగారు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ వానల గురించి మాట్లాడి పెట్టేశాను.

పోయిన ఉత్తరంలో రెండు అడిగావు. ఫ్యాక్టరీలో సీసం పోసే గరిటె చేతిలోంచి ఎందుకు జారుతోందని ఒకటి. పక్కనే నిలబడి అదే పని చేసే నీ నేస్తానికి, మీరంతా గుండ్రాయి అని పిలిచేవాడికి, ఏమీ కావడం లేదేమని రెండోది. "పనంటే నీకు జ్వరంరా, మీ అక్కనడిగి మందు తెప్పించుకో" అని వాడు ఆటపట్టిస్తున్నాడని నవ్వుతూ రాశావు. నాకు నవ్వు రాలేదు.

మీరిద్దరూ పీల్చే ధూళి ఒకటే. రక్తాలు ఒకటి కావు. రక్తంలో ఒక ఎంజైముంది. దాని జన్యువు కొందరిలో కాస్త వేరుగా ఉంటుంది. వాళ్ళ రక్తం సీసాన్ని ఎక్కువ పట్టి ఉంచుకుంటుంది. నీది ఆ రకం. ఆ తేడా చేసే హాని ఎంతో మాకింకా గట్టిగా తెలియదు. నీ రక్తంలో సీసం మాత్రం ఉండకూడనంత ఉంది. అందులో అనుమానం లేదు. గుండ్రాయికీ ఏమీ కాలేదని కాదు, ఇంకా బయటపడలేదంతే.

ఆర్నెల్ల కిందట మా ల్యాబు మీ నలభై మందికీ రక్తపరీక్ష చేసింది కదా. ముప్పైతొమ్మిది మందికి రిపోర్టులిచ్చాం. నీది రాలేదేమని అడిగితే "అంతా బాగుందిరా" అన్నాను. అబద్ధం. అది నా సొరుగులో ఉంది.

ఆ రోజే మీ మేనేజరు, "సీసం పడనివాళ్ళ పేర్లు చెప్పండి మేడమ్, పని మానిపించేస్తాం. ధూళి లాగే ఫ్యాన్లు పెట్టించడం కంటే తేలిక" అన్నాడు. మేం చెప్పలేదు. కానీ నీ నోట్లో నువ్వుగింజ నానదు. నువ్వే చూపించేస్తావు, పాప పుట్టిన నెలలోనే ఉద్యోగం పోతుంది అనుకున్నాను. నీ మంచికే అనుకున్నాను. ఏమో, నీతో చెప్పే ధైర్యం లేకనేమో కూడా.

బోర్డులు రాసే రోజుల్లో నాన్న చేతిలోంచి కుంచె జారిపోతుంటే, "ఈ మనిషికి ఒళ్ళు వంగదు" అనేది అమ్మ. మనమూ నమ్మాం. ఆ రంగుల్లోనూ సీసమే. నిన్న నా రక్తమూ పరీక్షించుకున్నాను. నా జన్యువూ నీ తీరే. నాన్న సోమరి కాదేమోరా. రుజువు లేదు. క్షమించమని అడగడానికి మనిషీ లేడు.

రిపోర్టు ఇందులోనే పెట్టాను. ఇది చదివాక కొలిమి దగ్గరికి వెళ్ళకు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళు. తరవాత దీన్ని దాచుకుంటావో, గుండ్రాయికి చూపించి అందరూ కలిసి ఆ ఫ్యాన్లు అడుగుతారో నీ ఇష్టం. అడిగితే వచ్చి సాక్ష్యం చెబుతాను, సొరుగు సంగతితో సహా. నీ బదులు నేను నిర్ణయించడం ఒకసారి అయింది, చాలు.

పాపను ఎత్తుకునే ముందు చొక్కా మార్చుకో.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూసే
అక్క