నా సమాధి రాయి వంటింట్లోనే ఉండాలి

మఠంపల్లిలో కాపురముంటున్న గద్దల యేసయ్య అనే నేను, వయసు డెబ్బై మూడు, నాపరాయి కొట్టి బతికినవాణ్ణి, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నా మతి సరిగ్గానే ఉంది. అనుమానమున్నవాళ్లు నేను నిన్న కాల్చిన క్రోసాంట్‌ను, అంటే వెన్న పొరల బన్నును, అడ్డంగా కోసి పొరలు చూసుకోవచ్చు. దస్తావేజులు రాసే ఆయన నా మాటల్ని మర్యాదగా మారుస్తానన్నాడు. అందుకే ఆయన్ను వద్దని నేనే రాస్తున్నాను. తప్పులుంటే చదివేవాళ్లు సర్దుకోవాలి.

1. ఇల్లు నా కొడుకు జయరాజుకు. కప్పు రెండుచోట్ల కారుతుంది. ఆ కారేది కూడా వాడికే. కోదాడ ఆఫీసులో రోజంతా ఫ్యాను కింద కూర్చునేవాడికి నిచ్చెన ఎక్కడం మంచిది.

2. నా భార్య పిచ్చమ్మ చెవికమ్మలు, ఆమె బైబిలు నా బిడ్డ సరోజకు. మిర్యాలగూడ దవాఖానలో వాళ్లమ్మ అన్నం ముట్టనప్పుడు, సూర్యాపేటలో ఒక బేకరీ నుంచి క్రోసాంట్ తెచ్చింది ఈమే. పిచ్చమ్మ సగం తిన్నది. మిగతా సగం నేను తిన్నాను. డాల్డా వాసన, పొరలన్నీ అతుక్కుపోయి ఉన్నాయి. నలభై ఏళ్లు పొర చూసి రాయి విడదీసినవాణ్ణి, నాకు తెలియదా? ఇంతకన్నా మంచిది ఇంట్లో నేనే చేస్తానన్నాను. నర్సులు నవ్వారు. వాళ్లకు నేనేమీ రాసివ్వడం లేదు.

3. కరెంటు పొయ్యి, ఫ్రిజ్జు, పిండి పరిచే తుమ్మకర్ర నా కోడలు గీతకు. ఫోన్లో ఒక తెల్లాయన క్రోసాంట్ చేసేది నాకు చూపించింది ఆమే. ఆయన భాష నాకు రాదు, చేతులు చూశాను. పిండి పరిచి, నడుమ వెన్న పలక పెట్టి, మూడు మడతలు. పరిచి మళ్లీ మూడు. మళ్లీ మూడు. ఇరవై ఏడు పొరలు. బడికి పోకున్నా ఈ లెక్క నాకు వచ్చు. పదమూడుసార్లు చెడిపోయాయి. కుక్క కూడా వాసన చూసి పోయింది. గీత ఒక్కతే మొహం మీద చెప్పింది: "అది రాయి కాదు మామా, పిండి. గట్ల బాదకు. జర సేపు పండుకోనియ్యి." అది నిజం. మడతకూ మడతకూ నడుమ ఫ్రిజ్జులో పండుకుంటేనే పొర నిలుస్తుంది. ఒప్పుకున్నట్టు ఆమెతో నేను ఎన్నడూ అనలేదు. నేను బతికుండగా ఈ కాగితం ఆమెకు చూపించవద్దు.

4. ఇక తగాదా రాయి. ఎనిమిదేళ్ల కింద నా సమాధికి నేనే నాపరాయి పలక చెక్కుకున్నాను, ఇంకొకడు చెక్కితే వంకర పోతుందని. పేరు, పుట్టిన ఏడు చెక్కి, పోయే ఏడుకు జాగా వదిలాను. రెండేళ్ల కింద మే నెలలో వంటగట్టు మీద వెన్న కరిగి కారిపోతుంటే, వరండాలో చల్లగా పడి ఉన్న ఆ రాయి గుర్తొచ్చింది. నలుగురిని పిలిచి, పేరు కిందికి తిప్పి, వంటింట్లో వేయించాను. పద్నాలుగోసారి దాని మీద చేస్తే పొరలు విడివడ్డాయి. అప్పటికి ఇంటికి తెచ్చుకున్న పిచ్చమ్మ మొత్తం తిన్నది. "ఉప్పు తక్కువైంది" అన్నది. ఆ తరువాత తొమ్మిది రోజులే ఉన్నది. ఉప్పు పెంచాను.

"నాయినా, సమాధి రాయి మీద తిండి చేస్తే జనం ఏమంటరు?" అని జయరాజు గొడవ. నేను పోగానే దాన్ని నా మీద వేస్తానంటాడు. రాయి లేకుంటే మన పరువేమైతదని సంఘ పెద్దలు కూడా వచ్చి చెప్పారు. చెబుతూ తలా నాలుగు తిన్నారు. అవి ఏ రాయి మీద చేసినవో అడగలేదు.

కాబట్టి రాయి గీతకు. నాకు మట్టి, కర్ర సిలువ చాలు. జయరాజు ఆ రాయిని వంటింటి గడప దాటిస్తే, ఒకటో అంశంలోని ఇల్లు ఆ రోజే సరోజకు పోతుంది, కారే కప్పుతో సహా.

5. నన్ను పూడ్చిన రోజు వచ్చినవాళ్లకు కొన్న బన్నులు పెట్టవద్దు. గీత చేసినవే పెట్టాలి, వెన్నతోనే. నాతోపాటు రాయి కొట్టిన జంగయ్య వాటి వంకర చూసి ఎండ్రకాయలంటాడు. వాడికి ఒక్కటే. ఏడిస్తే రెండోది ఇవ్వండి. వాడు ఈ కాగితానికి సాక్షి, సాక్షికి ఆస్తి రాయకూడదంటారు గాని, క్రోసాంట్ ఆస్తి కింద రాదు.

6. ఇవన్నీ జరిపించే బాధ్యత సరోజది. రాయి మీద నేను వదిలిన జాగాలో ఎవరూ ఏమీ చెక్కవద్దు. చెక్కాలంటే రాయి తిప్పాలి. రాయి తిప్పితే ఆ పూట గీత పిండి ఆగిపోతుంది.

మఠంపల్లి, 2025 జూన్ 9.

(సంతకం) గద్దల యేసయ్య

సాక్షులు:
1. జంగయ్య, వేలిముద్ర (మరక వెన్నది)
2. బిచ్చా, సంతకం