పక్క మంచం పాప గురించి

మంగళవారం, హిందూపురం

వెంటిలేటర్ మీదున్న నాలుగేళ్ల శాన్వికి మూత్రం ట్యూబులో క్రిములు పెరగకుండా, అందులో కాసేపు ఇథనాల్ నింపి తీసేసే కొత్త పద్ధతి గురించి ఈ రోజు డాక్టర్ గారు వాళ్లమ్మకు చెప్పారు. ఆమె ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి.

"సారాయి లాంటిదే గదా సార్? నా బిడ్డ రక్తంలోకి పోతే ఎట్ల?"

ఆయన ఏమీ దాచలేదు. "పోతాదో లేదో చూసేదానికే ఈ పరీక్షమ్మా. నువ్వు వద్దంటే చెయ్యం, వైద్యం మాత్రం ఆగదు."

ఆమె చాలాసేపు పాప పాదం పట్టుకుని కూర్చుని, సంతకం పెట్టింది. పదేళ్లుగా నర్సుగా చేస్తున్నా, ఇథనాల్ నింపే ముందు కొలత రెండుసార్లు సరిచూసుకున్నాను.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. రక్తంలో ఆల్కహాల్ లేదు. పరుగున వెళ్లి చెప్పాను.

"పక్క మంచంలో ఉండే పాపకు గూడా ఇది పనికొస్తాదా సిస్టర్?" అంది.

ఒక్క రిపోర్టుతో భద్రమని తేలదు. కానీ సొంత బిడ్డ ఇంకా కళ్లు తెరవకముందే ఆ మాట అడిగిన తల్లి పక్కన కూర్చుని, డాక్టర్ గారిని అడిగి చెబుతానన్నాను.