పిలిస్తే పలికిన రాజవ్వ

బోధన్ నుంచి,

మా అప్ప సరోజకు నీ చెల్లెలు లలిత దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ మరిది, చిన్ని, అమ్మ అందరం బాగున్నాం. నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? జీడితోటకు మందు కొట్టేటప్పుడు బావ మూతికి గుడ్డ కట్టుకుంటున్నాడా? నీ మాట ఎలాగూ వినడు, నేను గట్టిగా చెప్పమన్నానని చెప్పు.

అమ్మ బాగుందని ఇంకోసారి రాస్తున్నాను. ఈ ఉత్తరం మధ్యలో నీకు గుండె దడ పుడుతుంది, అప్పుడీ మాట గుర్తు తెచ్చుకో. ఇప్పుడు అమ్మ నా ఎదురుగానే గుమ్మం దగ్గర ఎండలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఫోనులో చెబుదామంటే, మొదటి ముక్క వినగానే నువ్వు ఏడుపు అందుకుంటావు, మిగతాది వినవు. అందుకే రాస్తున్నాను.

ముందు మా సంగతులు. మీ మరిదికి రైసుమిల్లులో పని కుదురుకుంది. మిషన్లు బాగుచేయడంలో ఇక్కడ మంచి పేరే తెచ్చుకున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలనిండా తౌడే. ఇంత చలి మాత్రం మన పలాసలో ఎప్పుడూ ఎరగం. పొద్దున్నే పొగమంచులో ఎదురింటి గోడ కూడా కనపడదు. రుద్రూర్ వైపు వెళ్తే చెరకు తోటలు ఇంకా ఉన్నాయి. చిన్ని అక్కడినుంచి గడ తెచ్చుకుని నములుతూ పళ్లు నొప్పి అంటుంది. సంతలో కూరగాయల బేరం సగం మరాఠీలో జరుగుతుంది. నాకు ఇంకా తెలుగులో ధర చెబితే గాని చెయ్యి సంచిలోకి పోదు. జొన్నరొట్టె చేయడం నేర్చుకున్నాను, గుండ్రంగా రావడం లేదు గాని కడుపు నిండుతోంది. నీ చేతి ఉప్పుచేప పులుసు మాత్రం బాగా గుర్తొస్తుంది.

అమ్మ మతిమరుపు నువ్వు చూసినప్పటికన్నా కాస్త ఎక్కువైంది. పొద్దున బాగానే ఉంటుంది. పొద్దు వాలేసరికి ఇది మన ఊరు కాదన్న సంగతి జ్ఞాపకం ఉండదు. పెద్దమ్మ కోసం అడుగుతుంది. "మా అప్ప ఎప్పుడొస్తాది?" అంటుంది. పెద్దమ్మ పోయి ఎంత కాలమైందో నీకు తెలుసు కదా. నేను ప్రతిసారీ చెబుతాను, "పెద్దమ్మ లేదమ్మా, పోయింది" అని. అమ్మ ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడుస్తుంది. నిజం చెప్పకపోతే ఎలా అని నేను అనుకునేదాన్ని.

పోయిన నెల అమ్మకు కళ్లు చూపిద్దామని నిజామాబాద్ తీసుకెళ్లాను. పొర ఉంది, కంగారు లేదన్నారు, చుక్కల మందు ఇచ్చారు. తిరిగి బస్టాండుకొచ్చి బోధన్ బస్సు కోసం కూర్చున్నాం. దాహమేస్తోందంటే అమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, సీసా తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బెంచీ మీద అమ్మ లేదు.

అప్పా, ఆ తర్వాత ఎంతసేపు తిరిగానో నాకే తెలియదు. ప్రతి బస్సూ ఎక్కి చూశాను. కొన్ని నా కళ్ల ముందే బయలుదేరి వెళ్లిపోయాయి. అమ్మకు ఇంటి పేరు గుర్తుండదు, నా ఫోను నంబరు అసలే తెలియదు. ఎక్కడికని అడిగితే పలాస అంటుంది. ఈ జిల్లాలో పలాస ఎక్కడుందో ఎవరికి తెలుసు? చివరికి గేటు దగ్గర కూలబడిపోయాను.

అక్కడ ఆటో ఆపుకున్న ఒకాయన దిగి వచ్చాడు. నెరిసిన గడ్డం, పేరు యూసుఫ్ భాయ్ అని తర్వాత తెలిసింది.

"ఏమైంది అక్క? ముందుగాల నీళ్లు తాగు," అన్నాడు. సంగతి చెప్పాను. "పరేషాన్ కాకు. ముసలామె కాళ్లతోని ఎంత దూరం పోతది? బస్సే ఎక్కి ఉంటది. బస్సు ఎక్కిందంటే కండక్టర్ కంటవడుతది," అని నన్ను నేరుగా ఎంక్వైరీ గది దగ్గరికి నడిపించాడు. ఎక్కేవాళ్లు ఆటో దగ్గర నిలబడి పిలుస్తున్నా వెనక్కి తిరగలేదు.

ఆ గదిలో కూర్చున్నాయన నా మాట పూర్తి కాకముందే అడిగాడు. "ఆకుపచ్చ చీరనా? పలాస పలాస అంటదా?"

నందిపేట్ బస్సులోని కండక్టరమ్మ అప్పుడే ఫోను చేసిందట. ముసలామె ఒకతె తోడు లేకుండా ఎక్కింది, దారిలో ఒక ఊళ్లో బీడీలు చేసే రాజవ్వ వెనకాల దిగింది, రాజవ్వ తన ఇంటికి తీసుకుపోయింది, వాళ్లవాళ్లు వస్తే పంపించండి అని. ఆ మాట వినగానే ఎదురుగా ఉన్న కిటికీ చువ్వలు పట్టుకుని ఏడ్చాను. యూసుఫ్ భాయ్ నా సీసా చేతికిచ్చి, "నడువు అక్క, ఏడ్సుడు ఆటోల ఏడువొచ్చు," అన్నాడు.

దారి పొడుగునా పసుపు చేలు. ఆయన ఒక్కో ఊరి పేరూ చెబుతూ, ఇంకెంతో లేదు, ఇంకెంతో లేదు అంటూనే ఉన్నాడు. నాకు ధైర్యం కోసం అంటున్నాడని తెలుసు, అయినా ఆ మాట కావాలనిపించింది.

రాజవ్వ ఇల్లు ఊరి మొదట్లోనే. రేకుల కప్పు కింద అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు ఒళ్లో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్ల మధ్యలో మన అమ్మ. ఆమె ఒళ్లో కూడా ఒక చేట ఉంది, అందులో కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, మళ్లీ విడదీసి, మళ్లీ పేరుస్తోంది. జీడిపిక్కలు ఒలిచి నల్లబడిన ఆ వేళ్లు తీరిక లేకుండా కదులుతున్నాయి. ముఖం ఎంత నిమ్మళంగా ఉందంటే, ఈ మధ్య మా ఇంట్లో అలా చూడలేదు.

"అమ్మా," అన్నాను.

తలెత్తి చూసింది. "ఎవులమ్మా నువ్వు?" అంది.

పక్కనున్న రాజవ్వ నన్ను కూర్చోమని చేట జరిపింది. అమ్మ కన్నా చిన్నదే, యాభై దాటి ఉంటుంది. నుదుట పెద్ద బొట్టు.

"మీ అవ్వనా? బస్సుల నా పక్కనే కూసున్నది. నేను దిగితే నా ఎంబడే దిగింది. కొంగు పట్టుకున్నది, ఇడుస్తలేదు. అప్పా, అప్పా అంటది. అప్ప అంటే ఏందో నాకు తెల్వదు గని, పిల్సినప్పుడల్ల పల్కిన," అంది.

అప్ప అంటే అక్క అని చెప్పాను. మా పెద్దమ్మ చనిపోయిందని, అమ్మ ఆమెనే వెతుక్కుంటోందని చెప్పాను. రాజవ్వ బీడీ చివర దారం చుట్టి తెంపి, "గదా సంగతి," అంది. "రొట్టె నములుతదో లేదో అని అన్నం వండి పెట్టిన. పచ్చిపులుసు పోసుకొని తిన్నది. నువ్వు రంది పడకు."

అమ్మ బయలుదేరనంది. "నానెక్కడికీ రాను. అప్ప కాడే ఉంతాను," అని రాజవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను ఎప్పటిలాగే మొదలుపెట్టాను, ఆమె పెద్దమ్మ కాదమ్మా, పెద్దమ్మ పోయింది అని. రాజవ్వ నా మోచెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది. తర్వాత అమ్మ ముఖం తన వైపు తిప్పుకుంది.

"చెల్లె, ఈ పిల్లతోని పో. మంచి పిల్ల. నేను పని అయిపోగొట్టుకొని ఐతారం నాడు వస్త."

"నిజంగా వస్తావా అప్పా?"

"వస్త చెల్లె. నేను రాకుంట ఉంటనా?"

అమ్మ లేచి బుద్ధిగా ఆటో ఎక్కింది. రాజవ్వ నా పేరు, మా వీధి మాటవరసకు అడిగింది. యూసుఫ్ భాయ్ తన శాలువా తీసి అమ్మ భుజాల చుట్టూ కప్పాడు. నిజామాబాద్‌లో మమ్మల్ని బోధన్ బస్సు ఎక్కించి, అది కదిలేదాకా నిలబడ్డాడు. శాలువా తిరిగి ఇవ్వబోతే, "చలి ఉన్నది, ఉండనీ," అన్నాడు.

అప్పా, రాజవ్వ ఆ మాట అమ్మను పంపించడానికే అన్నదనుకున్నాను. ఆదివారం పొద్దున్నే మా వీధిలో ఎవరో నా పేరు అడుగుతున్నారు. చూస్తే రాజవ్వ. రెండు బస్సులు మారి వచ్చింది. సంచిలో పచ్చి పసుపు కొమ్ములు, కందికాయలు.

"చెప్పిన గద బిడ్డ వస్తనని," అంది.

ఆ రోజు అమ్మ ఆమెను గుర్తుపట్టలేదు. ఎవరో చుట్టమొచ్చిందని పీట వేసి, అన్నం పెట్టమని నన్ను తొందర చేసింది. నాకు చాలా బాధనిపించింది. అంత దూరం వచ్చిన మనిషి. రాజవ్వ మాత్రం చుట్టంలాగే కూర్చుని తింది, అమ్మ అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ అడుగుతుంటే ప్రతిసారీ కొత్తగా జవాబు చెప్పింది. వెళ్లేటప్పుడు గుమ్మంలో నేను కళ్లు తుడుచుకుంటుంటే, "ఎందుకు బిడ్డ? కడుపు నిండ తిన్నది, మంచిగ నవ్వింది. ఇంకేం గావాలె?" అని వెళ్లిపోయింది.

నీ చేత్తో వేయించిన జీడిపప్పు రెండు పొట్లాలు పంపించు, ఒకటి రాజవ్వకు, ఒకటి యూసుఫ్ భాయ్ ఇంటికి. అమ్మ పాత నేత చీరలు నీ దగ్గరుంటే ఒకటి పంపు, మెత్తటి చీర కావాలని అడుగుతోంది. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని తప్పకుండా రా. అమ్మ గురించి బెంగపడకు. ఇక్కడ మేం ఒంటరిగా లేము.

బావకు నా దండాలు. పక్కింటి మామ్మకు, అత్తకు నేను అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు. మమ్మల్ని నాలుగు కాలాలు చల్లగా ఉండమని దీవించు.

ఉత్తరం మడవబోతుంటే నిన్నటి మాట గుర్తొచ్చింది. నిన్న పొద్దువాలేసరికి అమ్మ మళ్లీ "అప్పా" అని పిలిచింది. వంటింట్లో ఉన్నాను. పెద్దమ్మ పోయిందని చెప్పడానికి నోరు తెరిచాను. తర్వాత పొయ్యి తగ్గించి, బయటికి వచ్చి, అమ్మ పక్కన కూర్చుని, "ఏమే చెల్లీ?" అన్నాను. ఏమీ లేదట. ఉన్నానో లేదోనని పిలిచిందట.

నీ చెల్లెలు,
లలిత