ఉప్పునీళ్లలో కడిగిన ఆకులు

చొంగ్దోలో ఉన్న అత్తయ్యగారికి,

మీరు పంపిన పెర్సిమన్ పండ్లచెట్టు ఆకులు అందాయి. ఒక్క పురుగు లేదు, మట్టి లేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

కిందటేడు మీ చెట్టు ఆకులే నేను కోసుకొచ్చి, ఆ కషాయాన్ని వెండి ద్రావణంలో పోస్తే తేనె రంగు వచ్చింది. కంటికి కనబడనంత సన్నటి వెండి రేణువులు తయారయ్యాయన్నమాట. నిన్న అదే పని చేస్తే పాలు విరిగినట్టు తెల్లబడింది. మా ల్యాబ్‌లో ప్యో ప్రొఫెసర్ అందరి ముందూ, "ఏమ్మా, వెండి చేస్తానని గంజి కాచావా? ఇక కట్టిపెట్టు!" అన్నారు.

నేను వెండి కలపని కషాయం ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాను, ఉప్పగా తగిలింది. కిమ్చీ పచ్చడికి క్యాబేజీని నానబెట్టినట్టే వీటినీ ఉప్పునీళ్లలో ముంచారు కదూ? ఉప్పు తగిలితే వెండి అలాగే విరుగుతుంది. నా పద్ధతిలో తప్పేమీ లేదు. ఆయనతో మాత్రం నేనే గాజుగిన్నె సరిగా కడగలేదన్నాను.

గురువారం మళ్లీ చేసి చూపిస్తాను. బుధవారంలోగా ఒక సంచీడు ఆకులు పంపండి. దుమ్మూ, పురుగులూ, సాలెగూళ్లూ అన్నీ ఉండనివ్వండి. పక్కింటి ఓక్‌బున్‌గారు చూసి, "కోడలికి చెత్త పంపుతున్నావా?" అంటే, "దీంతోనే వాళ్ల ప్రొఫెసర్ నోరు మూయించబోతోంది" అనండి.

మీ కోడలు